కరెంటు పోయి వచ్చాక ఈఎస్‌పీ32 వైఫైలోకి తిరిగి రావడం లేదా? ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయాలి

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్) పెట్టినది ట్యాంకులో నీటి మట్టం చూసే బోర్డు కావచ్చు, బోరు మోటారును ఫోన్‌తో ఆపే బోర్డు కావచ్చు. నెల రోజులు చక్కగా నడుస్తుంది. ఓ సాయంత్రం కరెంటు పోయి వస్తుంది. ఇంట్లో ఫోన్లన్నీ వైఫై అందుకుంటాయి, బోర్డు మాత్రం అందుకోదు. వెళ్లి రీసెట్ బటన్ నొక్కితే కాసేపట్లో వచ్చేస్తుంది.

సగం జవాబు ఆ రీసెట్‌లోనే ఉంది. రీసెట్‌తో కలుస్తోందంటే పాస్‌వర్డ్ సరైనదే, సిగ్నల్ అందుతోంది, రూటర్ ఒప్పుకుంటోంది. మీ ప్రోగ్రామే ఎక్కడో ప్రయత్నం మానేసి కూర్చుంది. కరెంటు రాగానే బోర్డు క్షణాల్లో లేచి నెట్‌వర్క్ కోసం వెతుకుతుంది. ఫైబర్ రూటర్ పూర్తిగా లేవడానికి మామూలుగా ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ కాస్త ఎడాన్ని తట్టుకోలేని ప్రోగ్రాములే ఎక్కువ. కింద రాసింది ఈఎస్‌పీ32 కోసం. ఆర్డుయినోలో రాసేవారికీ, ఈఎస్‌పీ-ఐడీఎఫ్ (చిప్ తయారీదారు ఎస్ప్రెసిఫ్ ఇచ్చే ప్రోగ్రామింగ్ సాధనం)లో రాసేవారికీ పనికొస్తుంది. ఈఎస్‌పీ8266 వాడేవారికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ముందు తెగింది ఏదో తేల్చండి

"వైఫై పోయింది" అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి: రేడియో లింకు, ఐపీ అడ్రస్, సర్వర్‌తో కనెక్షన్. బోర్డు మూగబోయినప్పుడు వెంటనే రీసెట్ నొక్కకండి, ఆధారం పోతుంది. ఫోన్‌లో రూటర్ అడ్మిన్ పేజీ తెరిచి వైర్‌లెస్ క్లయింట్ల జాబితాలో బోర్డు మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబరు) ఉందేమో చూడండి. డీహెచ్‌సీపీ (రూటర్ ఐపీలు పంచే పద్ధతి) జాబితాను నమ్మవద్దు; లీజు గడువు (ఆ ఐపీ వాడుకునే కాలం) తీరేదాకా, వెళ్లిపోయిన పరికరాల పేర్లు కూడా అందులో కనిపిస్తూనే ఉంటాయి.

మ్యాక్ అడ్రస్ లేకపోతే రేడియో లింకు తెగింది. ఉండి కూడా ఫోన్ నుంచి పింగ్‌కు బోర్డు పలకకపోతే ఐపీ దగ్గర తేడా ఉంది (రూటర్‌లో వైఫై పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వని ఏపీ ఐసొలేషన్ ఆన్‌లో ఉంటే పింగ్ ఎలాగూ అందదు, ముందు అది చూసుకోండి). పింగ్‌కు పలుకుతూ డేటా మాత్రం పంపకపోతే వైఫైని వదిలేసి సర్వర్‌కు డేటా పంపే ఎమ్‌క్యూటీటీ లేదా హెచ్‌టీటీపీ కోడ్ చూడండి. ఈ మూడో రకం చాలా ఎక్కువ. దాన్ని వైఫై తప్పనుకుని రూటర్ మార్చినవాళ్లూ ఉంటారు.

కారణం నంబరు చదవండి

లింకు తెగిన ప్రతిసారీ చిప్ ఒక కారణం నంబరు ఇస్తుంది. స్టేషన్ డిస్‌కనెక్టెడ్ ఈవెంట్‌కు ఒక హ్యాండ్లర్ పెట్టి, అందులోని రీజన్ విలువను ప్రింట్ చేయండి. ఇది లేకుండా చేసే రిపేరంతా చీకట్లో రాళ్లు విసరడమే. తరచూ కనిపించే నంబర్లు ఇవి:

- 201: ఆ పేరుతో నెట్‌వర్క్ కనిపించలేదు. రూటర్ ఇంకా లేవలేదు, ఛానెల్ అందడం లేదు, లేదా నెట్‌వర్క్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ఉంది. ఈఎస్‌పీ32, ఎస్3, సీ3 చిప్‌లు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి.
- 200: రూటర్ తన ఉనికి తెలిపేందుకు పంపే బీకన్లు అందడం ఆగిపోయింది. ఐడీఎఫ్‌లో డిఫాల్ట్‌గా 6 సెకన్లు చూసి లింకు తెంపుతుంది. రూటర్ ఆగిపోవడం, లేదా సిగ్నల్ బలహీనం.
- 15, 204: పాస్‌వర్డ్ హ్యాండ్‌షేక్ సమయానికి పూర్తికాలేదు. తప్పు పాస్‌వర్డ్‌కు ఇదే వస్తుంది, బలహీనమైన సిగ్నల్‌కూ ఇదే వస్తుంది.
- 2: ఆథెంటికేషన్ గడువు తీరింది. రీసెట్ తర్వాత మొదటి ప్రయత్నంలో ఒకసారి కనిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. బోర్డు చెప్పకుండా ఆగిపోయింది కాబట్టి రూటర్ దృష్టిలో పాత కనెక్షన్ ఇంకా బతికే ఉంటుంది; రెండో ప్రయత్నానికి సర్దుకుంటుంది.
- 8: బోర్డు తానే వదిలేసింది. అంటే మీ కోడ్‌లో ఎక్కడో డిస్‌కనెక్ట్ పిలుపు ఉంది.

15 వచ్చిందని దాచిన పాస్‌వర్డును చెరిపేసే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. అది పెద్ద పొరపాటు. రూటర్ సగం లేచిన స్థితిలోనూ, సిగ్నల్ అంచున ఉన్నప్పుడూ సరైన పాస్‌వర్డుకే 15 వస్తుంది. పాస్‌వర్డును మనిషి బటన్ నొక్కితేనే చెరపాలి, ప్రోగ్రాం తనంతట తాను ఎప్పుడూ చెరపకూడదు.

చిక్కల్లా, తెగే సమయానికి ల్యాప్‌టాప్ తగిలించి ఉండదు. అందుకే చివరి ఎనిమిది పది కారణం నంబర్లను ఆర్‌టీసీ మెమరీలో దాచి, తిరిగి కలిశాక సర్వర్‌కు పంపండి. ఆర్‌టీసీ మెమరీ సాఫ్ట్‌వేర్ రీస్టార్టును తట్టుకుంటుంది కానీ కరెంటు పోతే చెరిగిపోతుంది. అది కూడా నిలవాలంటే ఫ్లాష్‌లోని ఎన్‌వీఎస్‌లో రాయండి, అయితే తెగిన ప్రతిసారీ ఒక్కసారే. ప్రతి ప్రయత్నానికీ రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది. దాంతోపాటు బూట్‌లో రీసెట్ కారణాన్ని కూడా పంపండి. విలువ 9 అయితే బ్రౌనవుట్ (వోల్టేజీ పడిపోవడం), 4 అయితే ప్రోగ్రాం క్రాష్.

కోడ్‌లో నలుగురు నిందితులు

మొదటిది ప్రతి ట్యుటోరియల్‌లో కనిపించే వైల్ లూప్. సెటప్‌లో వైఫై.బిగిన్ పిలిచి, కనెక్ట్ అయ్యేదాకా అర సెకను చొప్పున ఆగుతూ చుక్కలు ప్రింట్ చేస్తుంది. రూటర్ లేకపోతే బోర్డు అక్కడే ఉండిపోతుంది. సెన్సార్ చదవదు, ట్యాంకు నిండినా మోటారు ఆపదు. నెట్‌వర్క్ లేకపోయినా జరగాల్సిన పని నెట్‌వర్క్ కోసం ఆగకూడదు. ఈ లూప్ తీసేయండి.

రెండోది దీనికి పూర్తిగా వ్యతిరేకం: మెయిన్ లూప్‌లో స్టేటస్ చూసి, కనెక్ట్ కాలేదంటే ప్రతి 500 మిల్లీసెకన్లకూ మళ్లీ బిగిన్ పిలవడం. డిఫాల్ట్ యాక్టివ్ స్కాన్‌లో ఒక్కో ఛానెల్‌కు 120 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. 13 ఛానెళ్లకు సుమారు ఒకటిన్నర సెకను. ఆపైన హ్యాండ్‌షేక్, డీహెచ్‌సీపీ. అర సెకనుకోసారి పిలిస్తే, జరుగుతున్న ప్రయత్నాన్ని మీరే మధ్యలో చెడగొట్టుకుంటున్నట్టు. సీరియల్ లాగ్‌లో "స్టేషన్ ఈజ్ కనెక్టింగ్, రిటర్న్ ఎర్రర్" అన్న అర్థంలో లైను కనిపిస్తే ఇదే జబ్బు.

మూడోది ఈఎస్‌పీ-ఐడీఎఫ్ స్టేషన్ ఉదాహరణను యథాతథంగా తీసుకోవడం. అందులో గరిష్ఠ ప్రయత్నాల డిఫాల్ట్ 5. ఐదుసార్లు విఫలమైతే ఫెయిల్ బిట్ పెట్టి ఊరుకుంటుంది. రూటర్ లేవకముందే ఆ ఐదూ అయిపోతాయి. అది నేర్పడానికి రాసిన ఉదాహరణ. పొలంలో పెట్టే పరికరానికి ఆ హద్దు ఉండకూడదు. రాస్ప్‌బెర్రీ పైలోనూ ఇలాంటిదే ఉంది: నెట్‌వర్క్‌మేనేజర్ డిఫాల్ట్‌గా నాలుగు ప్రయత్నాల తర్వాత కాసేపు విరామం తీసుకుంటుంది. ఆ కనెక్షన్‌కు ఆటోకనెక్ట్ రీట్రైస్ విలువను 0 చేస్తే ఎన్నిసార్లయినా ప్రయత్నిస్తుంది.

నాలుగోది వైఫైమేనేజర్ లైబ్రరీ సెటప్ పోర్టల్. మా లెక్కలో కరెంటు కోత తర్వాతి ఫిర్యాదుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. బూట్‌లో నెట్‌వర్క్ దొరక్కపోతే ఈ లైబ్రరీ సొంత యాక్సెస్ పాయింట్ తెరిచి, ఎవరైనా వచ్చి పాస్‌వర్డ్ ఇస్తారని ఎదురుచూస్తుంది. టైమవుట్ పెట్టకపోతే ఎంతసేపైనా అలాగే ఉంటుంది. రూటర్ రెండు నిమిషాల్లో లేచినా బోర్డుకు ఆ సంగతే తెలియదు. ఫోన్ వైఫై జాబితాలో మీ బోర్డు పేరుతో ఒక నెట్‌వర్క్ కనిపిస్తే నిర్ధారణ అయినట్టే. సెట్‌కాన్ఫిగ్‌పోర్టల్‌టైమవుట్‌ను 180 సెకన్లకు పెట్టి, అది ముగిశాక మళ్లీ పాత నెట్‌వర్క్‌కే ప్రయత్నించేలా రాయండి. ఇంకా మంచి పద్ధతి: ఒకసారైనా కనెక్ట్ అయిన బోర్డు తనంతట తాను పోర్టల్ తెరవకూడదు, బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే తెరవాలి.

సరైన పద్ధతి

ఆటో రీకనెక్ట్ ఆన్ చేస్తే సరిపోదా? ఆర్డుయినోలో సెట్‌ఆటోరీకనెక్ట్ చాలావరకు పనిచేస్తుంది. అయితే అది కొన్ని కారణాలకే మళ్లీ ప్రయత్నిస్తుంది, పైగా కోర్ వెర్షన్ మారినప్పుడల్లా దాని తీరు కొంత మారుతూ వచ్చింది. ఐడీఎఫ్‌లో అయితే తెగిన లింకును తిరిగి కలిపే బాధ్యత మీ హ్యాండ్లర్‌దే. కాబట్టి పగ్గాలు మీ చేతిలో ఉంచుకోండి. రెండూ కలిపి వాడితే ఒకదాని కాలికి ఇంకొకటి అడ్డం పడుతుంది. సొంత కోడ్ రాస్తే ఆటో రీకనెక్ట్‌ను ఆపేయండి.

1. ఈవెంట్ హ్యాండ్లర్‌లో పని చేయకండి, జెండా మాత్రం ఎత్తండి. లింకు తెగితే "తెగింది" అని, ఐపీ వస్తే "ఐపీ వచ్చింది" అని ఒక్కో వేరియబుల్ మార్చి బయటికి రండి. హ్యాండ్లర్ వేరే టాస్క్‌లో, చిన్న స్టాక్‌తో నడుస్తుంది. అందులో డిలే పెడితే మిగతా ఈవెంట్లు ఆగిపోతాయి, ఎమ్‌క్యూటీటీ కనెక్ట్ పెడితే స్టాక్ పొంగి బోర్డు క్రాష్ కావచ్చు.

2. మెయిన్ లూప్‌లో నాలుగు స్థితులు ఉంచండి: ఆగి ఉంది, ప్రయత్నిస్తోంది, ఐపీ ఉంది, సర్వర్ కలిసింది. ప్రయత్నం మొదలయ్యాక 15 నుంచి 20 సెకన్లు ఇవ్వండి. అప్పటికీ ఐపీ రాకపోతే డిస్‌కనెక్ట్ చేసి, విరామం తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి. మీరు చేసిన ఆ డిస్‌కనెక్ట్ కూడా ఈవెంట్ పంపుతుంది, కారణం 8తో. దాన్ని లింకు తెగినట్టు లెక్కేస్తే లూప్ తనలో తానే తిరుగుతుంది.

3. విరామాన్ని పెంచుతూ పోండి: 1, 2, 4, 8, 16, 32 సెకన్లు, ఆపైన ఎప్పుడూ 60. ప్రయత్నాల సంఖ్యకు హద్దు పెట్టకండి. ప్రతి విరామానికీ 0 నుంచి 3 సెకన్ల దాకా యాదృచ్ఛికంగా కలపండి. ఒకే షెడ్డులో ఇరవై బోర్డులుంటే కరెంటు రాగానే అన్నీ ఒకే క్షణంలో రూటర్ మీద పడతాయి, చవక రూటర్లు ఆ తాకిడికి కొన్నింటిని తోసిపుచ్చుతాయి.

4. సమయం కొలిచేటప్పుడు ఎప్పుడూ "ఇప్పటి మిల్లీస్ నుంచి పాత మిల్లీస్ తీసివేత" అన్న రూపమే వాడండి. పాతదానికి విరామం కలిపి పోల్చితే 49.7 రోజులకు కౌంటర్ సున్నాకు తిరిగినప్పుడు లెక్క తప్పుతుంది. నెలన్నర నడిచి ఆగే బోర్డుల్లో దీన్నీ అనుమానించండి.

సెటప్ పోర్టల్ యాక్సెస్ పాయింట్, స్టేషన్ రెండూ కలిపి నడుపుతుంటే ఇంకో చిక్కు: చిప్‌లో రేడియో ఒక్కటే. స్టేషన్ ఛానెళ్లన్నీ వెతుకుతున్నంతసేపూ పోర్టల్‌కు కలిసిన ఫోన్ తెగిపోతూ ఉంటుంది. పోర్టల్ తెరిచిన కాసేపు స్టేషన్ ప్రయత్నాలు ఆపండి.

ఐపీ వచ్చింది, డేటా రాదు

లింకు తెగి కలిసినప్పుడు పాత టీసీపీ సాకెట్ చచ్చినా, బతికున్నట్టే కనిపిస్తుంది. ఐపీ ఈవెంట్ రాగానే పాత క్లయింట్‌ను స్టాప్ చేసి కొత్తగా కలపండి. క్లీన్ సెషన్‌తో (పాత స్థితి ఉంచుకోకుండా) కలిస్తే పాత సబ్‌స్క్రిప్షన్లు ఉండవు, టాపిక్‌లన్నింటికీ మళ్లీ సబ్‌స్క్రైబ్ చేయాలి. డేటా వెళ్తోంది కానీ ఆదేశాలు రావడం లేదంటే మరిచింది ఇదే.

రెండు బోర్డులకు ఒకే ఎమ్‌క్యూటీటీ క్లయింట్ ఐడీ ఉంటే బ్రోకర్ (ఎమ్‌క్యూటీటీ సర్వర్) కొత్తవాడిని తీసుకుని పాతవాడిని బయటికి పంపుతుంది. బయటికెళ్లిన బోర్డు మళ్లీ వచ్చి ఆ కొత్తవాడిని గెంటుతుంది. చూసేవారికి వైఫై ఊగిసలాడుతున్నట్టే ఉంటుంది. ఐడీలో మ్యాక్ అడ్రస్ చివరి ఆరు అక్షరాలు చేర్చితే ఈ గొడవ ఉండదు.

టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్) వాడేవారికి గడియారం సంగతి ముఖ్యం. ఈఎస్‌పీ32కు బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వస్తే అది 1970కి వెళ్లిపోతుంది. సర్టిఫికెట్ తేదీ పోల్చి చూస్తే "ఇంకా మొదలే కాలేదు" అని తోసిపుచ్చుతుంది. ఐపీ వచ్చాక ఎన్‌టీపీ (నెట్ నుంచి సమయం తెచ్చే పద్ధతి) సమయం అందే వరకు టీఎల్‌ఎస్ ప్రయత్నించకండి. ప్రతి రీకనెక్ట్ దగ్గరా ఖాళీ హీప్ (మిగిలిన మెమరీ) ఎంతో ప్రింట్ చేయండి. ఒక్కో రీకనెక్ట్‌కూ కొంత తగ్గుతూ పోతుంటే పాత క్లయింట్ ఆబ్జెక్టులను వదలడం లేదన్నమాట. కొన్నాళ్లకు టీఎల్‌ఎస్ హ్యాండ్‌షేక్‌కు మెమరీ చాలక ఆగిపోతుంది.

పవర్, యాంటెన్నా

ఈఎస్‌పీ32 ప్రసారం చేసే క్షణంలో 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. సరఫరా కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలన్నది ఎస్ప్రెసిఫ్ సూచన. చాలా బోర్డుల మీద ఉండే ఏఎమ్‌ఎస్1117 రెగ్యులేటర్‌కు ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య ఒక వోల్టుకు పైగా తేడా కావాలి. పొడవాటి, సన్నని యూఎస్‌బీ కేబుల్‌లో 5 వోల్టులు 4.4కు పడితే 3.3 నిలవదు. రీకనెక్ట్ సమయంలో స్కాన్, ప్రసారం వెంటవెంటనే జరుగుతాయి కాబట్టి బోర్డు సరిగ్గా అప్పుడే పడిపోయి, లేచి, మళ్లీ పడిపోతుంది. మల్టీమీటర్‌కు ఈ పతనం కనిపించదు, అది మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. రీసెట్ కారణం 9 వస్తోందా అని చూడండి. 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్, అర మీటరు కేబుల్, 3.3 వోల్టు పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, పక్కనే 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ పెట్టండి. బ్రౌనవుట్ డిటెక్టర్‌ను కోడ్‌లో ఆపేయమనే సలహా వినకండి. అది జ్వరం తగ్గించకుండా థర్మామీటర్ పగలగొట్టడం.

సిగ్నల్ బలం మైనస్ 67 డీబీఎం కంటే మెరుగ్గా ఉంటే నిశ్చింత. మైనస్ 75 దాటితే అనుమానం, మైనస్ 80 దాటితే ఏ కోడూ కాపాడదు. మోటారు స్టార్టర్ డబ్బా రేకుది అయితే బోర్డును అందులో పెట్టి తలుపు వేశాక సిగ్నల్ కొలవండి, తలుపు తీసి కాదు. లోపలే పెట్టక తప్పకపోతే యాంటెన్నా సాకెట్ ఉన్న మాడ్యూల్ తీసుకుని యాంటెన్నాను బయటికి తేవాలి. పీసీబీ యాంటెన్నా చుట్టూ 15 మిల్లీమీటర్ల మేర లోహం, వైర్లు లేకుండా చూడండి.

రూటర్ వైపు

2.4 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టండి, బ్యాండ్ స్టీరింగ్ (రూటరే పరికరాన్ని 2.4, 5 మధ్య మార్చడం) ఆపండి. ఛానెల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఆటోలో ఉన్న రూటర్ ఒక్కోసారి 12 లేదా 13కి వెళ్తుంది. భారత్‌లో ఆ ఛానెళ్లకు అనుమతి ఉన్నా, చిప్ డిఫాల్ట్ దేశం అమరిక 11 దాకానే. కోడ్‌లో దేశాన్ని ఇండియాగా పెడితే ఈ బెడద తీరుతుంది. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2, ఏఈఎస్. బోర్డు మ్యాక్‌కు డీహెచ్‌సీపీ రిజర్వేషన్ ఇవ్వండి.

మెష్ ఉన్న ఇళ్లలో ఒకే పేరుతో రెండు మూడు యాక్సెస్ పాయింట్లు ఉంటాయి. డిఫాల్ట్ ఫాస్ట్ స్కాన్ మొదట దొరికినదానికే అతుక్కుంటుంది, అది దూరపుదైనా సరే. స్కాన్ పద్ధతిని ఆల్ ఛానెల్‌కు, వరుసను సిగ్నల్ బలానికి మార్చండి. త్వరగా కలవాలని ఛానెల్ నంబరు, బీఎస్‌ఎస్‌ఐడీ (యాక్సెస్ పాయింట్ మ్యాక్ అడ్రస్) కోడ్‌లో గట్టిగా రాసేసి ఉంటే, రెండుసార్లు విఫలమయ్యాక వాటిని వదిలేసి మామూలు స్కాన్‌కు పోయేలా చూడండి.

సరిగ్గా గంటకోసారి తెగుతోందా? చాలా రూటర్లలో గ్రూప్ కీ (పరికరాలన్నింటి ఉమ్మడి ఎన్‌క్రిప్షన్ తాళం) మార్పిడి 3600 సెకన్లకు ఉంటుంది. దాన్ని పెంచి చూడండి. లీజు గడువులో సగం కాలానికి తెగితే డీహెచ్‌సీపీ రెన్యువల్‌ను అనుమానించండి. వేళాపాళా లేకుండా తెగుతుంటే మోడెమ్ స్లీప్ (రేడియోను మధ్యమధ్య నిద్రపుచ్చే అమరిక) ఆపి చూడండి. కరెంటు ఖర్చు పెరుగుతుంది కాబట్టి బ్యాటరీ పరికరాలకు ఇది పనికిరాదు.

చివరి అస్త్రం: రీస్టార్ట్

పదిహేను నిమిషాలు రేడియో లింకు లేకపోతే వైఫైని పూర్తిగా ఆపి, ఒక సెకను ఆగి మళ్లీ మొదలుపెట్టండి. అరగంట దాటితే రీస్టార్ట్. కానీ రిలే తగిలించిన బోర్డు అయితే జాగ్రత్త. బూట్ సమయంలో కొన్ని పిన్‌లు క్షణకాలం హైకి వెళ్తాయి. 0, 2, 5, 12, 15 నంబర్లు స్ట్రాపింగ్ పిన్‌లు (బూట్ తీరును నిర్ణయించేవి), వాటికి రిలే పెట్టకండి. లో (0 వోల్టు) సిగ్నల్‌కు ఆన్ అయ్యే రిలే మాడ్యూల్ అయితే ఇన్‌పుట్‌కు 10 కిలోఓమ్ పుల్‌అప్ పెట్టి, కోడ్‌లో పిన్‌కు మొదట హై విలువ రాసి తర్వాత అవుట్‌పుట్‌గా మార్చండి. మోటారు నడుస్తుండగా రీస్టార్ట్ కాకూడదన్న షరతు కూడా చేర్చండి. నెట్ రాలేదని మోటారు టపటపా ఆగి మొదలైతే కాంటాక్టరు కాలిపోతుంది.

ఇంటర్నెట్ లేదన్న కారణంతో మాత్రం రీస్టార్ట్ చేయకండి. ఫైబర్ తెగి రోజంతా నెట్ లేకపోతే బోర్డు అరగంటకోసారి లేస్తూ పడుతూ ఉంటుంది.

బిగించే ముందు పరీక్షలు

బల్ల మీద ఈ వరుసలో చేయండి, ప్రతిసారీ రీసెట్ ముట్టకుండా తిరిగి రావాలి. రూటర్‌ను 10 సెకన్లు ఆపి ఆన్ చేయండి. తర్వాత 20 నిమిషాలు ఆపండి. రూటర్, బోర్డు రెండింటినీ ఒకే స్విచ్ బోర్డుకు పెట్టి ఒకేసారి ఆన్ చేయండి. కరెంటు కోతకు అసలు నకలు ఇదే. రూటర్ ఛానెల్ మార్చండి. పాస్‌వర్డ్ మార్చి, పది నిమిషాలు ఆగి, పాతదే మళ్లీ పెట్టండి. వైఫై ఉంచి ఫైబర్ వైరు మాత్రం పీకి పెట్టండి. ఈసారి బోర్డు రేడియో లింకును వదలకూడదు, సర్వర్ కనెక్షన్‌నే ప్రయత్నిస్తూ ఉండాలి.

పరీక్షకు ఫోన్ హాట్‌స్పాట్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎవరూ కలవకపోతే చాలా ఫోన్లు కొన్ని నిమిషాలకు హాట్‌స్పాట్‌ను తామే ఆపేస్తాయి. ఆ సెట్టింగ్ తీసేయకుండా 20 నిమిషాల పరీక్ష చేస్తే బోర్డు మీద లేని తప్పు మోపుతారు.